మిట్ట మీది దారి, పల్లంలోని ఇల్లు



మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే రోడ్డుకు కాస్త ఎడంగా, ఒక మిట్ట మీద మన విచారణ కుటుంబం ఒకటి ఇల్లు కట్టుకుంది. కువైటులో ఇరవై ఏళ్లు చెమటోడ్చి సంపాదించిన సొమ్ము అది. రోడ్డు నుంచి గడప దాకా దాదాపు నూరు గజాల దారి, నిట్టనిలువు ఎక్కుడు. వాన పడితే ఎర్రమట్టి జారి ఆటో పైకి రాదు. ఒక రాత్రి ఆ ఇంటి పెద్దావిడకు ప్రాణం మీదికి వస్తే మంచం మీద మోసుకుని దించారు. ఆ తర్వాత కొడుకు దారి పొడవునా కాంక్రీటు వేయించాడు. ఇరువైపులా కసువు చెక్కించి, చదును చేయించి, పూలకుండీలు పెట్టించాడు. చూడముచ్చటగానే ఉంది.

మొదటి పెద్దవానకే ఆ దారి వంక అయింది. నీళ్లన్నీ కింది ఇంటివారి పశువుల కొట్టంలోకి, టమాటా తోటలోకి దూకాయి. వారు తగవుకు వచ్చారు. “వానను నేను పంపానా ఫాదర్? నా స్థలంలో నేను దారి వేసుకున్నాను. నీళ్లు పల్లానికి పోతే అది నా తప్పా?” అని అతడు నన్ను అడిగాడు.

ఈ ప్రశ్నను తేలికగా తీసివేయకండి. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో, కోరని కీడుకు మనిషి ఎంతవరకు బాధ్యుడని మేము గంటల తరబడి వాదించుకునేవాళ్లం. ఇతడు కోరింది తల్లి క్షేమం. అందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే కీడును కోరకపోవడం వేరు, తెలుసుకోగలిగి కూడా అటువైపు చూడకపోవడం వేరు. నీరు పల్లమెరుగునని మన ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు.

వానను అతడు పంపలేదు, నిజమే. కాని ఆ నీటికి ఉరుకు నేర్పింది అతడే. మట్టిదారి కొంత నీరు తాగుతుంది. కసువు, రాళ్లు, గుంతలు మిగిలినదాన్ని ఆపి ఆపి వదులుతాయి. కాంక్రీటు తాగదు, ఆపదు. పైన పది చోట్ల ఇంకవలసిన నీరు ఒక్కచోట గుమికూడి ఒక్క ఉరుకున దిగుతుంది. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయిన మన సీమలో అది పైవాడికీ నష్టమే.

“నా స్థలం” అన్న మాట గురించి పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఆలోచించాడు. ఆస్తిని సొంతంగా కలిగి ఉండవచ్చునన్నాడు. దాని వాడకంలో మాత్రం అది అందరిదీ అన్నట్టు మెలగాలన్నాడు. మా ప్రొఫెసరు గారు ఇది చెప్పినప్పుడు నేను పరీక్ష కోసం రాసుకున్నాను. అర్థమైంది చాలా ఏళ్లకు, కుప్పం వైపు ఒక చిన్న ఊళ్లో. అక్కడ గురుగృహానికి ఎక్కే బాటకు నేనే నునుపు గ్రానైటు బండలు పరిపించాను. ఆ ప్రాంతంలో రాయికి కొదవ లేదు గదా! తడిస్తే కాలు నిలవదన్న సంగతి మేస్త్రీ చెప్పినా నేను వినలేదు. ఆ కార్తెలో నీళ్లు కింద ఒంటరిగా ఉండే ఒక అవ్వ వాకిట్లోకి వెళ్లాయి. ఆమె నన్ను నిందించలేదు. “మీ బాట బాగుంది స్వామీ, మా గడప కొంచెం ఎత్తు చేయించండి” అని మాత్రం అన్నది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పై నీరు కిందికి రావడమే కీడనుకుంటే పొరపాటు. రాయలసీమ గొలుసు చెరువులు చూడండి. పై చెరువు మరవ పారితేనే కింది చెరువుకు నీళ్లు. పల్లంలోనివారు ఆ నీటి కోసం ఎదురుచూస్తారు. కట్ట తెగివచ్చే నీటికి మాత్రం భయపడతారు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఏమైందో మనం చూశాము.

మరి ఏం చేయాలి? హార్స్‌లీ కొండకు వెళ్లే రోడ్డు నేరుగా ఎక్కదు, కొండను చుట్టుకుంటూ పోతుంది. దారిని తిప్పితే వాలు తగ్గుతుంది, నీటి ఉరుకూ తగ్గుతుంది. ఇతడి దారి ఇప్పటికే వేసేశారు కనుక, కొన్ని గజాలకొకటి చొప్పున అడ్డంగా కాలువలు కోసి, పైన ఇనుప జాలీ వేసి, నీటిని తన స్థలంలోనే రాళ్లు నింపిన గుంతలకు మళ్లించమన్నాను. చెక్కిన అంచుల్లో కుండీలకు బదులు వట్టివేరు, కానుగ నాటమన్నాను. ఇది కొత్త విద్య కాదు. పక్కనే రిషి వ్యాలీలో బోడి కొండవాలులకు అడ్డకట్టలు వేసి చెట్లు పెంచారు. 1991లో ఆ లోయ పక్షుల సంరక్షణ ప్రాంతం అయింది.

ఒక పని మాత్రం మేస్త్రీ చేయలేనిది. వాన కురుస్తుండగా కింది కొట్టంలో నిలబడి తన దారి వైపు చూడమని అతడికి చెప్పాను. మొహమాటపడ్డాడు, కాని వెళ్లాడు. గొడుగు కింద ఇద్దరూ అరగంట నిలబడ్డారట. గుంతల్లో ఒకటి తన బావికి దగ్గరగా తవ్వితే బాగుంటుందని కింది ఇంటాయన అడిగాడట.

పాపసంకీర్తనం చేసినంత మాత్రాన జరిగిన నష్టం తీరదు, తీర్చాలి. కొట్టం గోడ ఖర్చు పూర్తిగా తనదేనని ఇతడు ఇంకా ఒప్పుకోలేదు. గోడ ముందే బలహీనంగా ఉందంటాడు. వచ్చే ఆదివారం పూజ అయ్యాక ఆ కొట్టం దగ్గరే ముగ్గురం కూర్చుంటున్నాము.