మీకా యింటి దేవతలు

చదువవలసిన భాగము: న్యాయాధిపతులు 17, 18 అధ్యాయములు

ఎఫ్రాయిము మన్యమునందలి మీకా బయలు పూజారి కాడు. యెహోవావంటి వాడెవడు అని అతని పేరునకే అర్థము. అతని యింట పలుకబడిన మాటలలో యెహోవా నామము వినబడుచునే యున్నది. తల్లి ఆ నామమున కుమారుని దీవించెను, ఆ నామమునకే వెండిని ప్రతిష్ఠించెను, ఆ వెండితోనే విగ్రహము చేయించెను. అన్యుల విగ్రహారాధనకంటె దీనిని గుర్తించుట కష్టము. పేరు యెహోవాది, రూపము కంసాలిది.

ఆ వెండి చరిత్రయు చూడదగినదే. అది కుమారుడు తల్లియొద్ద దొంగిలించిన 1100 రూకలు. ఆమె పలికిన శాపము చెవిని పడిన తరువాతనే అతడు దానిని తిరిగి యిచ్చెను. దొంగ ఒప్పుకొనెను, తల్లి వెంటనే దీవించెను; పశ్చాత్తాపమను మాట ఆ సంభాషణలో ఎక్కడను లేదు. సొమ్మంతయు ప్రతిష్ఠించితినని చెప్పిన ఆమె కంసాలికి 200 రూకలు మాత్రమే యిచ్చెను. తక్కిన 900 ఏమాయెనో గ్రంథము చెప్పదు.

అయినను మీకా మనస్సాక్షి పూర్తిగా నిద్రింపలేదు. కుమారుని యాజకునిగా నిలుపుకొన్నను ఏదో కొరతగానే యుండెను. బేత్లెహేమునుండి ఒక లేవీయుడు బ్రతుకుతెరువు వెదకుకొనుచు రాగా, ఏటికి 10 వెండి రూకలు, ఒక దుస్తుల జత, భోజనము ఇచ్చెదనని అతనిని కుదుర్చుకొనెను. లేవీయుడు దొరికెను గనుక ఇక యెహోవా తనకు మేలుచేయుట నిశ్చయమని సంతోషించెను. ఆత్మవంచన పరిపూర్ణమైనది ఇచ్చటనే. అహరోను సంతతివాడు కాని లేవీయుడు యాజకుడు కాజాలడు. ధర్మశాస్త్రములో ఒక చిన్న భాగమును, అదియు సగముగా, నెరవేర్చి దానిని విగ్రహముపై ముసుగుగా కప్పెను. విగ్రహమును తీసివేయవలెనను తలంపే రాలేదు. దేవుని మందిరము షిలోహులో, అదే ఎఫ్రాయిము దేశములో నుండెను.

క్రైస్తవ గృహములలో వెండి విగ్రహము ఉండకపోవచ్చును. క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దానపు చీటి ఉండును. అది మంచిదే. కాని కుమారునికి కట్నము ముందుగా మాటలాడుకొని, పిమ్మట సంఘ కాపరిని పిలిపించి ప్రభువు చిత్తముకొరకు ప్రార్థన చేయించు తండ్రి దేనిని వెదకుచున్నాడు? ఒక వచనము ఒప్పుకొననియెడల ఒప్పుకొను వచనము దొరకువరకు పుటలు త్రిప్పు వానికి పరిశుద్ధ గ్రంథమే జీతపు లేవీయుడగుచున్నది. హృదయములో విగ్రహములు నిలుపుకొని దేవునియొద్ద విచారింపవచ్చిన పెద్దలకు, ఆ విగ్రహములకు తగినట్టే ప్రత్యుత్తరము కలుగునని యెహెజ్కేలు 14వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఇంతకంటె భయంకరమైన జవాబు లేదు.

మరియొక చిక్కు కలదు. దాను గోత్రపు వేగులవారు అయిదుగురు ఆ లేవీయుని అడిగిరి. క్షేమముగా వెళ్లుడని అతడు పలికెను. వారి ప్రయాణము సఫలమాయెను, నెమ్మదిగా బ్రతుకుచున్న లాయిషు జనులు కత్తివాత కూలిరి. జరిగినది గనుక అది దైవవాక్కే అనుకొనుట సులభము. కాని సూచన నెరవేరినను అది అన్యదేవతలవైపు త్రిప్పినయెడల వినకూడదని ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయములో మోషే ముందే చెప్పియున్నాడు. వ్యాజ్యము గెలిచితిని, ఉద్యోగము దొరికినది, గనుక ప్రభువు ఆమోదించెనని సాక్ష్యమిచ్చువారు ఈ రెండు భాగములను కలిపి నిదానముగా చదువవలెను.

తరువాత 600 మంది ఆయుధధారులు వచ్చి విగ్రహమును, ఏఫోదును, గృహదేవతలను ఎత్తుకొనిపోయిరి. ఒక యింటికంటె ఒక గోత్రమునకు యాజకుడగుట మేలని విన్న లేవీయుడు సంతోషముతో వారి వెంట నడచెను. మీకా వెంబడించి, తాను చేయించుకొన్న దేవతలను పట్టుకొనిపోతిరే, ఇక తనకేమి మిగిలెనని మొరపెట్టెను. తాను చేయించుకొన్నవని అతని నోరే ఒప్పుకొనెను, అతని చెవి మాత్రము వినలేదు. వారు తనకంటె బలవంతులని చూచి యింటికి తిరిగి వెళ్లెను. షిలోహుకు వెళ్లినట్లు వ్రాయబడలేదు.

లేవీయుని పేరు కథ చివరనే తెలియును: గెర్షోము వంశస్థుడైన యోనాతాను. అతని పితరుని పేరు మనష్షే అని చదువబడునట్లు హెబ్రీ ప్రతులలో ఒక అక్షరము పంక్తికి పైగా వ్రాయబడియున్నది. ఆ అక్షరమును తీసినయెడల మిగులునది మోషే పేరు. ఆ ఘనుని అవమానమునుండి తప్పింపవలెనని లేఖకులు తలంచిరి కాబోలు. ధర్మశాస్త్రమును తెచ్చినవాని యింటివాడు దానులో ఆ ప్రతిమయెదుట సేవచేయుచు నిలిచెను. దేవుని మందిరము షిలోహులో నున్న దినములన్నిటను ఆ ప్రతిమ అక్కడనే యుండెను.