టీకా మన ఇంటి సంగతేనా?

"మా పిల్లకు సూది వేయించడం, మానడం మా ఇష్టం. మధ్యలో ఊరికేం పని?" అనే మాట మన పల్లెల్లో అప్పుడప్పుడు వినబడుతుంది. పైకి చూస్తే ఇందులో తప్పేమీ లేదనిపిస్తుంది. బిడ్డ మీద తల్లిదండ్రులకు మించిన హక్కు ఎవరికుంది? అయినా ఈ ప్రశ్నను అంతటితో వదలకుండా కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

టీకాలన్నీ ఒక్క తీరువి కావు. ధనుర్వాతం గాయం ద్వారా వస్తుంది గాని ఒకరి నుంచి ఒకరికి అంటదు. కాబట్టి దాని టీకా వేయించుకున్నవారినే కాపాడుతుంది. తట్టు సంగతి వేరు. తట్టు సోకిన బిడ్డ దగ్గితే ఆ క్రిమి గాలిలో రెండు గంటల వరకు నిలిచి ఉంటుంది. రక్షణ లేనివారి మధ్య ఒక్క రోగి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదు. నూటికి 95 మందికి రక్షణ ఉంటేనే అది ఊళ్లో పాకకుండా ఆగుతుంది.

మన దేశపు పట్టిక ప్రకారం తట్టు, రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక వేస్తారు. రెండవది 16 నుంచి 24 నెలల మధ్య. అంటే ఏడెనిమిది నెలల పసికందుకు తల్లి ఎంత జాగ్రత్తపరురాలైనా ఆ టీకా ఇంకా పడి ఉండదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికే తరిగిపోతూ ఉంటుంది. మరి ఆ పసికందుకు అండ ఎవరు? చుట్టుపక్కల ఇళ్లలో టీకా వేయించుకున్న పిల్లలే. వారికి తట్టు రాకపోతే ఉయ్యాలలోని బిడ్డ దాకా అది చేరదు. తన తమ్ముడికి తాను కాపలావాడినా అని కయీను దేవునికే ఎదురు ప్రశ్న వేశాడు. తట్టు విషయంలో ఆ ప్రశ్నకు జవాబు, అవును, మనమే కాపలా అని.

"ఊరంతా వేయించారు గదా, మావాడొక్కడు మిగిలితే ఏమవుతుంది?" అని కొందరంటారు. ఒక్కడితో ఏమీ కాకపోవచ్చు. కాని ప్రతి ఇల్లూ ఆ లెక్కే వేసుకుంటే? ఇతరుల బిడ్డలు ఓర్చుకున్న సూది నొప్పి మీద మనం నీడ వెతుక్కోవడం న్యాయమా? నల్లగొండ వాసులకు ఇది కొత్త పాఠం కాదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఎన్ని ఎముకలను వంచిందో మనకు తెలుసు. ఒక ఇల్లు తన బిందె ఎంత శుభ్రంగా తోముకున్నా ఆ విషం పోలేదు. మంచినీరు ఊరంతటికీ కలిసి తెచ్చుకోవలసి వచ్చింది. అంటురోగం నుంచి రక్షణ కూడా అటువంటిదే.

కలిసి చేసిన పనికి ఫలితం మన కళ్ల ముందే ఉంది. మశూచి మన దేశంలో 1975లో ఆగింది, 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. దేశమంతటా పల్స్ పోలియో 1995 డిసెంబరులో మొదలైంది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో కనబడిన కేసే మన దేశంలో సహజ పోలియోకు చివరిది. 2014 మార్చి 27న మన దేశం పోలియోరహితమని ధ్రువీకరణ వచ్చింది. అయితే ఈ విజయంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. కాళ్లు చచ్చుబడిన బిడ్డను చూడని తల్లికి చుక్కల మందు విలువ ఎలా తెలుస్తుంది?

భయపడే తల్లిని చూసి నవ్వకూడదు. సూది వేశాక జ్వరం రావడం, చెయ్యో తొడో వాయడం నిజమే. ఆ సంగతి ముందే చెప్పాలి, ఏం చేయాలో కూడా చెప్పాలి. దాచిపెట్టి వేసిన టీకా రెండోసారికి తలుపు మూస్తుంది. 2016 జూన్‌లో హైదరాబాదు మురుగునీటిలో చుక్కల మందు నుంచి పుట్టిన పోలియో క్రిమి దొరికింది. ఆ మందులో బలం తగ్గించిన క్రిమి ఉంటుంది. టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అది చాలాకాలం తిరిగితే, బహు అరుదుగా మళ్లీ బలం తెచ్చుకుంటుంది. ఆ సంగతిని అధికారులు కప్పిపుచ్చలేదు. హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు పోలియో సూది వేయించే పని పెట్టుకున్నారు. నిజం చెప్పడం, వెంటనే పని చేయడం, ఈ రెండూ కలిస్తేనే నమ్మకం నిలుస్తుంది.

కోవిడ్ కాలంలో, 2020 డిసెంబరులో, వాటికన్ విశ్వాస సిద్ధాంత పరిషత్తు ఈ సమస్యనే పరిశీలించింది. టీకా సాధారణంగా స్వచ్ఛందంగా ఉండాలని చెబుతూనే, తన ఆరోగ్యాన్నే కాక అందరి మేలును కోరే బాధ్యత కూడా మనిషికి ఉందని గుర్తుచేసింది. బలవంతం తగదు. అలాగని బాధ్యత లేదనడానికీ వీల్లేదు.

ఇంతవరకు వేయించుకోని వారి గురించి మాట్లాడాం. కాని మన ప్రాంతంలో అసలు అందనివారి సంగతి ఇంకా ముఖ్యం. పాలమూరు నుంచి కూలి కోసం ముంబయి, పుణె వెళ్లే కుటుంబాలున్నాయి. ఇటుక బట్టీల దగ్గర పెరిగే పిల్లలున్నారు. దేవరకొండ తండాలు, నల్లమల చెంచు పెంటలు ఉన్నాయి. ఆ తల్లి టీకా వద్దనలేదు. కార్డు ఊళ్లో ఉండిపోయింది, ఒకరోజు కూలి పోతే పొయ్యి వెలగదు, పరాయి ఊళ్లో ఎవరిని అడగాలో తెలియదు. ఇటువంటివారిని వెతికి టీకా వేయడానికే 2014 డిసెంబరు 25న మిషన్ ఇంద్రధనుష్ ప్రారంభించారు. అయినా ఊరివాళ్లు చూపించనిదే ఆ ఇల్లు నర్సుకు ఎలా కనబడుతుంది? ఆ తల్లిని తప్పుపట్టే ముందు, మనం ఒక్కసారైనా ఆమె గుడిసె దాకా వెళ్లామా అని ప్రశ్నించుకోవాలి.

కనుక ప్రియ పాఠకులారా, ఈ వారం మూడు పనులు చేద్దాం. మొదట మన ఇంటి పిల్లల కార్డు తీసి, ఏ మోతాదు మిగిలిందో చూద్దాం. ఆదివారం పూజ తరువాత చేసే ప్రకటనల్లో టీకా రోజు ఏదో కూడా చెప్పమని ఉపదేశిగారిని అడుగుదాం. వలస వెళ్లే కుటుంబం కనబడితే, కార్డు వెంట తీసుకుపొమ్మని, దేశంలో ఎక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా టీకాలు ఉచితంగానే వేస్తారని చెప్పి పంపుదాం. తిరిగి వచ్చినవారి పేర్లు ఆశా కార్యకర్తకు అందిద్దాం. వీటికి డబ్బు అక్కరలేదు. పొరుగింటి బిడ్డ కూడా మన లెక్కలోనే ఉందన్న ఎరుక ఉంటే చాలు.