గురి తప్పిన తూటా ఎవరిది?

గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే మా ఫ్రెండ్ పిస్టల్ కొంటానన్నాడు. ఇద్దరం డాలస్ పక్కనే ఉంటాం. వర్క్ వీసా మీద ఉన్నన్నాళ్లూ చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఇప్పుడు ఆ అడ్డు పోయింది. పైగా టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లు లైసెన్స్ లేకుండానే తుపాకి వెంట పెట్టుకుని తిరగొచ్చు. ఫోన్ కొనేముందు చేసినట్టే వీడియోలు చూశాడు, ఎక్సెల్ షీట్ కట్టాడు. చివరికి రెండు మిగిలాయి: గ్లాక్ 19, సిగ్ పి365. రెండూ అద్దెకి తీసుకుని కాల్చి చూద్దామని ఓ శనివారం నన్నూ షూటింగ్ రేంజ్‌కి లాక్కెళ్లాడు.

గ్లాక్ 19 ఖాళీగా దాదాపు 670 గ్రాములు. బ్యారెల్ నాలుగు అంగుళాలు, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు. 2018లో వచ్చిన సిగ్ దాదాపు 500 గ్రాములే, బ్యారెల్ మూడంగుళాల పైచిలుకు, రౌండ్లు పది. రెండింటిలో పేలేది అదే తొమ్మిది మిల్లీమీటర్ల తూటా. కాబట్టి తేలికైనది చేతిలో ఎక్కువ ఎగురుతుంది. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం తక్కువ కావడంతో, గురి చూడటంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా లక్ష్యం దగ్గర అది పెద్దదవుతుంది.

కాగితం మనిషి ఏడు గజాల దూరంలో వేలాడుతున్నాడు. గ్లాక్‌తో వాడు కాల్చినవన్నీ ఛాతీలోనే పడ్డాయి. సిగ్‌తో రెండు భుజం దాటి తెల్ల ఖాళీలోకి పోయాయి. నేనూ కాల్చాను. గ్లాక్ తూటా అనుకున్నచోటే పడ్డప్పుడు ఒళ్లంతా ఒక సంతోషం, అబద్ధమెందుకు. "నువ్వైతే ఏది కొంటావురా?" అంటే ఆలోచించకుండా "గ్లాక్" అనేశాను. కొనే ఉద్దేశమే లేనివాణ్ణి.

వాడు మాత్రం సిగ్ అన్నాడు. "మోసేది తేలిగ్గా ఉండాలి. నడుముకి ఉందన్న సంగతే మర్చిపోవాలి."

అక్కడే నాకు చిక్కుపడింది. రేంజ్‌లో అడిగే ప్రశ్న, ఎంత బాగా తగులుతోంది అని. రోజూ మోయడానికి కొనేటప్పుడు అడిగేది, ఎంత సుఖంగా మర్చిపోగలను అని. ఆ సుఖం పూర్తిగా నాదే. దానికి కట్టే ధర మాత్రం ఆ తెల్ల ఖాళీలో ఉంది. కాగితం మీద అది ఖాళీయే. బయట ఆ చోట ఎవరో కాఫీ కోసం లైన్లో నిలబడి ఉంటారు. నా సౌకర్యానికి వాళ్లు పూచీ పడాలా? ఎక్సెల్ షీట్‌లో ఆ మనిషికి కాలమ్ లేదు. (ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దానికీ కాలమ్ లేదు.)

ఇది చెప్తే వాడు ఒకే మాటన్నాడు: "ఒలేతే."

ఆ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతేలో, పని అయ్యాక స్నేహితుడితో బార్‌లో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. ఆ రాత్రి హైదరాబాద్ నుంచి మా అందరికీ ఫోన్లు వచ్చాయి. వాడి భయాన్ని వెర్రి అనలేను. కానీ అక్కడే ఉన్న ఇయాన్ గ్రిలాట్ దగ్గర తుపాకి లేదు. దాక్కుని పేలుళ్లు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, ఇక మ్యాగజైన్ ఖాళీ అనుకుని ఉత్త చేతులతో హంతకుడి వెంటపడ్డాడు. ఖాళీ కాలేదు. చేతికీ ఛాతీకీ గాయాలయ్యాయి, బతికాడు. మేం ఆ శనివారం పదీ పదిహేనూ అంటూ పోల్చిన అంకె మీద ఒక మనిషి ప్రాణం పెట్టాడు.

అంత జనంలో, అంత కంగారులో, మావాడి సిగ్ ఎవరిని కాపాడేది, ఎవరికి తగిలేది? వాణ్ణి అడిగాను. "ప్రాక్టీస్ చేస్తాలే" అన్నాడు.

సిగ్గే కొన్నాడు. మాట తప్పకుండా నెలనెలా రేంజ్‌కి వెళ్తున్నాడు కూడా. అక్కడ మాత్రం గ్లాక్ అద్దెకి తీసుకుంటున్నాడు. చిన్నదాంతో యాభై రౌండ్లు కాల్చేసరికి అరచెయ్యి నొప్పెడుతోందట.