చెల్లని నోటు ధర

బహ్రెయిన్‌లో పెద్దవాళ్ళు ఇప్పటికీ వంద ఫిల్సుల్ని "రుబియ్యా" అంటారు. మనామా బజారులో ఆ మాట చెవిన పడితే కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఆగి చూస్తారు. అవును, అది మన రూపాయే. 1965లో ఇక్కడ దినార్ వచ్చినప్పుడు పది రూపాయలకు ఒక దినార్ చొప్పున మార్చారు. దినారుకు వెయ్యి ఫిల్సులు కనుక వంద ఫిల్సులు ఒక రూపాయి అన్నమాట. నోటు పోయి అరవై ఏళ్ళు దాటినా పేరు మాత్రం నాలుక మీద మిగిలిపోయింది.

నేను కంప్యూటర్ల పని మీద ఈ ద్వీపానికి వచ్చినవాణ్ణి. పగలు బ్యాంకుల సిస్టమ్స్ చూస్తాను, శుక్రవారాలు పాత నోట్లు పోగుచేస్తాను. చెల్లే డబ్బుకు పగలూ, చెల్లని డబ్బుకు సెలవురోజూ ఇచ్చానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఎగతాళి అయినా అందులో ఆలోచించవలసిన విషయం ఉంది. చెల్లని కాగితానికి ధర ఎక్కడినుంచి వస్తుంది? ఆ ధర తెలిసినవాడు తెలియనివాడి దగ్గర కొనేటప్పుడు నోరు మూసుకోవచ్చా?

ముందు ఆ నోట్ల కథ కొంచెం చెప్పాలి. ముత్యాల వ్యాపారం బొంబాయితో ముడిపడి ఉన్న రోజులనుంచీ గల్ఫ్‌లో మన రూపాయే నడిచేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నడిచింది. అయితే బంగారం దొంగరవాణా చేసేవాళ్ళు రూపాయలిచ్చి ఇక్కడ బంగారం కొనేవారు. ఆ రూపాయలు తిరిగొచ్చి విదేశీ మారకం అడిగేవి. ఈ బెడద ఆపడానికి భారత ప్రభుత్వం 1959లో గల్ఫ్ కోసం వేరే నోట్లు తెచ్చింది. డిజైన్ దాదాపు అదే, రంగు వేరు. నంబరు ముందు 'జెడ్' అక్షరం. పది రూపాయల నోటు ఎర్రగా ఉంటుంది, వెనక తెరచాప పడవ. పక్కన మన భాషల వరసలో తెలుగు కూడా కనిపిస్తుంది. మన దేశపు బ్యాంకు అచ్చువేసిన ఆ నోటు మన దేశంలో మాత్రం చెల్లదు. పరాయి దేశంలో చెల్లుబాటై సొంతవూళ్ళో కాకుండా పోవడం ఎలాంటిదో గల్ఫ్‌కు వచ్చినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. బహ్రెయిన్ కరెన్సీ బోర్డు వేసిన ఆ మొదటి నోట్ల మీద కూడా తెరచాప పడవే. మరుసటి ఏడే, 1966 జూన్ 6న, ఢిల్లీలో రూపాయి విలువ తగ్గించారు. డాలరుకు 4.76 ఉన్నది 7.50 అయింది. అప్పటికింకా గల్ఫ్ రూపాయి వాడుతున్న ఖతర్, దుబాయి లాంటి చోట్ల మనుషుల దాచుకున్న సొమ్ము వాళ్ళకు సంబంధంలేని ఒక నిర్ణయంతో కరిగిపోయింది. ఆ సంస్థానాలు వెంటనే ఆ నోటును వదిలేశాయి. ఒమాన్ 1970 దాకా వాడింది.

మా కంప్యూటర్ భాషలో చెప్పాలంటే నోటు ఒక పాయింటర్ లాంటిది. దానిలో సరుకు ఉండదు, సరుకు ఎక్కడుందో చూపిస్తుంది. చూపించే చోటు ఖాళీ అయిపోతే మిగిలేది ఉత్త కాగితం. ఇంట్లో పెట్టెలో ఒక పాత నోటు మిగిలిందంటే చాలాసార్లు అర్థం ఒకటే: గడువులోపల దాన్ని మార్చుకోవడం ఎవరికో కుదరలేదు. ఎక్కువమంది మార్చేసుకున్నారు కాబట్టి మిగిలిన కొద్దిటికీ గిరాకీ. 2024లో లండన్ వేలంలో వంద రూపాయల హజ్ నోటు ఒకటి 50 లక్షల రూపాయలు దాటింది. హజ్ యాత్రికుల కోసం మన రిజర్వు బ్యాంకు వేసిన నోటు అది. అంటే మాకు దొరికే అపురూపమైన వస్తువు చాలావరకు ఒకరి మరుపులోంచో, నష్టంలోంచో పుట్టినదే.

నోట్లు సేకరిస్తానని తెలిసి, జగిత్యాల వైపు కుర్రాడొకడు రెండేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చాడు. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి ముసలమ్మ పోయాక పాత సామాను పారేస్తూ ఒక రేకుడబ్బా ఇతనికి ఇచ్చారట. అందులో, బట్టల మడత కింద, ఎర్ర పది రూపాయల నోటు.

"సార్, ఇది మన ఇండియా పైసలేనా? ఊళ్ళె బ్యాంకుల మారుస్తరా?"

మారదని చెప్పాను. ఎందుకు మారదో, కొనేవాళ్ళు ఎంతిస్తారో కూడా చెప్పాను. అతని నెల జీతానికి తక్కువ కాదు. అతను నోటును చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత నన్ను అడిగాడు: "మరి ఆళ్ళకు చెప్పాల్నా వద్దా? ఉత్త డబ్బా అనుకోని ఇచ్చిండ్రు గద."

నేను అతనికి ఎంత ఇవ్వాలి అన్న దగ్గరే ఉన్నాను. అతను ఒక మెట్టు వెనక్కి వెళ్ళాడు.

ఈ ప్రశ్న చాలా పాతది. రెండువేల ఏళ్ళ కిందట రోమ్‌లో సిసెరో, మనిషి బాధ్యతల గురించి రాసిన పుస్తకంలో ఇలాంటి చిక్కే ఒకటి పెట్టాడు. రోడ్స్ ద్వీపంలో కరువు. అలెగ్జాండ్రియానుంచి ఒక వర్తకుడు ధాన్యం ఓడతో ముందుగా చేరాడు. వెనక ఇంకా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకు తెలియదు. చెప్పాలా, చెప్పకుండా ఎక్కువ ధరకు అమ్ముకోవాలా? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు డయోజెనీస్ అనే తత్వవేత్త. చెప్పి తీరాలంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసెరో మొగ్గింది చెప్పాలన్నవైపే.

మా సేకర్తల్లో డయోజెనీస్ శిష్యులే ఎక్కువ. వాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పదేళ్ళు పుస్తకాలు తిరగేసి, నకిలీలకు డబ్బు తగలేసి సంపాదించిన జ్ఞానం ఊరికే పంచితే దానికి ఫలమేమిటి? అందరి చేతుల్లోనూ ఫోనుంది, అమ్మేవాడే చూసుకోవచ్చు కదా? పైగా మేము కొనకపోతే ఆ కాగితం చెత్తలోకి పోయేదే కదా?

మూడూ నిజాలే. కానీ జ్ఞానానికి ఫలం కావాలంటే తరుగు చెప్పి తీసుకోవచ్చు, బంగారు కొట్లో తీసుకున్నట్టు. బజారు ధర ఇంత, నా లాభం ఇంత అని పైకి చెబితే అది వ్యాపారం. ఫోనులో వెతకాలన్నా ఏమని వెతకాలో ముందు తెలియాలి. తన చేతిలో ఉన్నది ఏ దేశపు నోటో తెలియక అడగవచ్చినవాడు ఏమని వెతుకుతాడు? ఇక చెత్తలోంచి కాపాడామన్న మాట నోటుకు మేలు చెయ్యడం గురించి. మనిషికి అన్యాయం చెయ్యడానికి అది అనుమతి కాదు.

డ్రైవరు కుర్రాడు వెళ్ళి చెప్పేశాడు. యజమాని ఆ నోటు చూసి, మా అమ్మ దాచుకున్నదని తనే ఉంచుకున్నాడు. కుర్రాడికి అయిదు దినార్లు ఇచ్చాడు. కష్టంగా అనిపించలేదా అని అడిగాను.

"ఉంటది సార్, ఎందుకుండదు? కానీ రేపు మల్ల ఆయన కారే నడపాలె. అద్దంల ఆయన మొఖమే కనపడుతది."

రోడ్స్ వర్తకుడికి ఆ అద్దం లేదు. ధాన్యం అమ్ముకుని ఓడెక్కి పోతాడు. మేమూ అంతే, వలసవచ్చినవాళ్ళం మరీను. కాంట్రాక్టు అయిపోతే ఈ ఊరిమొఖం చూడం. ఎదుటి మనిషి మళ్ళీ కనిపించడన్న ధీమా ఉన్నచోటే నీతి అసలు అవసరమని నాకు అనిపిస్తుంది. రోజూ కనిపించేవాడితో నిజాయితీగా ఉండటానికి భయమైనా సాయం చేస్తుంది.

మన సంగతీ చూడండి. 2016 నవంబరు 8 తరువాత మన అమ్మల పోపుడబ్బాల్లో, చీరమడతల్లో ఎన్ని అయిదువందల నోట్లు ఆలస్యంగా బయటపడ్డాయో! 2017 చట్టం ప్రకారం ఆ రద్దయిన నోట్లు పదికి మించి ఉంచుకోకూడదు. చదువు కోసమో, పరిశోధన కోసమో, సేకరణ కోసమో అయితే ఇరవై అయిదు. ఒక అమ్మ కష్టం మరొకరి ఆల్బంలో చేరడానికి లెక్క అలా తేలింది.

నా ఆల్బంలో ప్రతి నోటు వెనకా ఒక చీటీ పెడతాను. ఎవరి దగ్గర కొన్నాను, ఎంతిచ్చాను, అప్పటి బజారు ధర ఎంత, ఆ నోటు వాళ్ళింట్లోకి ఎలా వచ్చిందన్నారు. మా పిల్లలకు ఈ నోట్ల మీద ఆసక్తి లేదు. ఒకరోజు ఈ ఆల్బం పట్టుకుని ఏ దుకాణం ముందో నిలబడి, "అంకుల్, వీటికేమైనా వస్తుందా?" అని అడిగేది వాళ్ళే. అవతల ఉండేవాడు డయోజెనీస్ శిష్యుడైతే, ఆ చీటీలైనా వాళ్ళ పక్షాన మాట్లాడాలి కదా.