ఏ గిర్ని?

బాన్సువాడలో ఒక మేస్త్రీ దగ్గర ఇద్దరు కరెంటు పని నేర్చుకున్నారు. నిజాంసాగర్ కాలువల కింద వరి, ఆ వరి వెంట రైసుమిల్లులు, మిల్లుల వెంట మోటర్లు ఉన్న చోట చేతిలో పనున్నవాడు ఖాళీగా కూర్చోడు. ఇద్దరూ గోడలు చెక్కి పైపులు పరిచారు. వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకున్నారు, సూపర్‌వైజర్ పరీక్ష గట్టెక్కారు. చివరికి హైదరాబాదులోని లైసెన్సింగ్ బోర్డు నుంచి కాంట్రాక్టర్ లైసెన్సూ సంపాదించారు.

పెద్దోడు తన లైసెన్సుకు ఫ్రేము కట్టించి షాపులో తగిలించాడు. కొత్త సర్వీసు కావాలంటే వైరింగ్ సరిగ్గా ఉందని లైసెన్సున్నవాడు టెస్టు రిపోర్టు ఇవ్వాలి కదా! పర్మిట్ లేని కుర్రాళ్లు ఎక్కడెక్కడో పని కానిచ్చి, ఫారాలు పట్టుకుని అతని షాపుకు వచ్చేవాళ్లు. అతను స్టాంపు కొట్టి సంతకం గీకేవాడు. నిచ్చెన ఎక్కడం, మెగ్గర్ పెట్టి చూడడం ఎప్పుడో మానేశాడు. మెగ్గర్‌లో బ్యాటరీ ఉందో లేదో కూడా అతనికి తెలియదు.

చిన్నోడి దగ్గరికి ఒకాయన ఫారం తీసుకుని వచ్చాడు. బోధన్ రోడ్డులో కొత్తగా పిండి గిర్ని పెట్టాడట.

"సంతకం పెట్టు తమ్మీ, వైరింగంతా అయిపోయింది."

"చూసి పెడతనే అన్నా. పా, పోదాం."

గిర్ని దగ్గర మెయిన్ బోర్డు విప్పాడు. పచ్చ వైరు ఉంది. మోటరు బాడీ నుంచి నీటుగా బోర్డు దాకా వచ్చి, అక్కడ నూట్రల్‌కు చుట్టేసి ఉంది. బయట ఎర్తు గుంత అన్నది లేదు.

"ఎర్తింగ్ ఏదన్నా?"

"గదే గదా, పచ్చ వైరు."

"రేపు నూట్రల్ ఎక్కడన్న సడలిందనుకో, బల్బులకెళ్లి వచ్చిన కరెంటు నీ గిర్ని ఇనుము మీదికి ఎక్కుతది. గుంతలు తీయించు, సంతకం పెడతా."

ఆయనకు ఒళ్లు మండింది. సంతకానికి గుంతలేందని గొణుక్కుంటూ పెద్దోడి షాపుకు పోయాడు. అక్కడ చాయ్ తాగే లోపే పని అయిపోయింది.

వానలు పడ్డాయి. గిర్ని ముందంతా బురద. తడి కాళ్లతో జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకామె పిండి డబ్బా అందుకోబోయి చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "జుమ్మంటున్నది పటేలా" అంది. తెల్లారి ఇంకొకామె అదే మాట. గిరాకీ పక్క గిర్నికి మళ్లింది. ఆయన పెద్దోడికి ఫోన్ చేశాడు. అవతలి నుంచి వచ్చిన మొదటి మాట: "ఏ గిర్ని?"

ఇక చిన్నోడి దగ్గరికి పోక తప్పలేదు. అతను వచ్చి చూస్తే కటౌట్ దగ్గర నూట్రల్ జాయింటు సడలి, కాలి నల్లబడి ఉంది. దాన్ని బాగుచేసి అంతటితో వెళ్లిపోలేదు. త్రీఫేజ్ మోటరు బాడీకి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన. రెండు గుంతలు తీయించి పైపులు దింపాడు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పోసి నీళ్లు నింపాడు. ఎర్తు టెస్టర్ మేకులు నేలలో కొట్టి, వచ్చిన రీడింగు ఓనరుకు చూపించి, ఫారంలో రాసి సంతకం పెట్టాడు. తీసుకున్న డబ్బు పెద్దోడి సంతకం రేటుకు ఎన్నో రెట్లు. ఓనరు బేరమాడాడు, సణిగాడు, ఇచ్చాడు.

నీతి: చూడని పనికి సంతకం పెట్టేవాడు లైసెన్సు ఉన్నా లేనట్టే. పర్మిట్ లేకుండానే చక్కగా వైరింగ్ చేసేవాళ్లు మన ఊళ్లలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ల చేతిపనిని నేను తక్కువ చేయను. లైసెన్సు అడిగేది పనితనం ఒక్కదాన్నే కాదు, రేపు తేడా వస్తే జవాబు చెప్పే మనిషిని. 1956 నాటి విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఇందుకే పుట్టింది. పని తీసుకునేది లైసెన్సున్న కాంట్రాక్టరు, దగ్గరుండి చూసేది సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు, చేసేది పర్మిట్ ఉన్న వైర్‌మన్. 2010లో ఒకసారి, 2023లో మరోసారి నిబంధనలను తిరగరాసినా ఈ పద్ధతిని తీసేయలేదు. సంతకాన్ని విడిగా అమ్మితే ముగ్గురిలో ఒక్కడూ అక్కడ లేనట్టే.

అయితే తప్పంతా పెద్దోడి మీదికి నెట్టేయడం నాకు ఒప్పదు. సంతకానికి ఒక రేటు, పనికి ఒక రేటు అని విడగొట్టి అడుగుతున్నది మనమే. ఇంటి ముందు గ్రానైటుకు చూడకుండా ఖర్చు పెట్టేవాళ్లం, వైరింగ్ చూసిపోయే మనిషికి కూలి ఇవ్వాలంటే మాత్రం "చూసినందుకు కూడా పైసలా?" అంటాం. టెస్టు రిపోర్టులో ఇన్సులేషన్‌కు, ఎర్తుకు వచ్చిన విలువలు రాయాలి. వాటిని మీ ముందే మీటరు పెట్టి రాయమనండి, ఆ పూట కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి.