వీసా కోసం మొక్కు

మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర, ఏ మతమని చూడకుండా జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. సంతానానికి, ఆరోగ్యానికి, చదువుకు, పెళ్లికి వేర్వేరు రొట్టెలున్నాయి. ఆ వరసలోకి వీసా కోరుకునేవాళ్ల విదేశీ రొట్టె కూడా వచ్చి చేరింది. బిడ్డ పుట్టడం, జబ్బు నయం కావడం పూర్తిగా మనిషి చేతిలో లేవు కాబట్టి వాటికోసం దేవుణ్ణి అడగడంలో అర్థముంది. వీసా మాత్రం ఆఫీసు బల్ల మీద పడే ముద్ర. దాని వెనక మనుషులు రాసిన చట్టం, ఆ చట్టం వెనక మనుషుల అవసరం ఉన్నాయి. అలాంటిది కూడా దైవానుగ్రహమంత అంతుపట్టనిదైతే మొక్కుకునేవాళ్లను చూసి నవ్వడం తేలిక. కానీ అనుమానించాల్సింది చట్టాన్ని.

నెల్లూరు, కడప జిల్లాల నుంచి ఇంటిపనికి, డ్రైవింగుకు కువైట్ వెళ్లేవాళ్లను అక్కడివాళ్లు దయతలిచి రానిస్తున్నారనుకుంటే పొరపాటు. ఆ దేశంలో పౌరుల కంటే పరాయి దేశాలవాళ్లే ఎక్కువ; వాళ్లు లేకపోతే అక్కడ వంటింట్లో పొయ్యి వెలగదు, రోడ్డు మీద బండి కదలదు. అంత అవసరముండి కూడా అనుమతిని ఒక్క కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ముడిపెట్టారు. ఖాదిం (ఇంటిపని) వీసా మీద వెళ్లిన ఆడమనిషి జీతం అందకో, దెబ్బలు తాళలేకో ఆ యజమాని ఇల్లు దాటితే పరారీ కేసు పడుతుంది. అకామా (నివాస అనుమతి) గడువు తీరిపోతే ఇక ఆమె కల్లివెల్లి, అంటే చట్టం లెక్కలో లేని మనిషి. అయినా ఆమెకు పని దొరక్కపోదు. ఇంకో ఇంట్లో పెట్టుకుంటారు, కాకపోతే ఫిర్యాదు చేయలేని మనిషిగా. ఇలాంటి నియంత్రణ పనిమనుషుల రాకను ఆపదు, వాళ్ల బేరమాడే శక్తిని పడగొడుతుంది. 2018లో, మళ్లీ 2024లో కువైట్ ప్రభుత్వం ఈ కల్లివెల్లివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించింది. క్షమ అనగానే తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. పిలిచి, పని చేయించుకుని, దిక్కులేకుండా వదిలేసిన యజమాని ఆ క్షమాభిక్ష వరసలో ఎక్కడా నిలబడలేదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమని ప్రవక్త చెప్పినట్టు నమ్మే సమాజంలో ఇది మతానికి కూడా తగిలే ప్రశ్నే.

ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందంటారు. ఉంది. ఆ హక్కును గట్టిగా సమర్థించిన తత్వవేత్త మైఖేల్ వాల్జర్. అయితే 1983లో వచ్చిన 'స్ఫియర్స్ ఆఫ్ జస్టిస్'లో ఆయనే, అతిథి కార్మికులుగా పిలిపించుకున్నవాళ్లకు పౌరసత్వానికి దారి కూడా తెరిచి ఉంచాలన్నాడు. లేకపోతే ఆ దేశం ఏలేవాళ్లు, ఏలబడేవాళ్లు అన్న రెండు జాతులుగా మిగులుతుందని ఆయన భయం. నేను అంత దూరం కూడా పోను. తలుపు మూసుకోవడంలో అన్యాయం లేదనే అనుకుందాం. చేతుల్ని లోపలికి లాక్కుని మనిషిని గడప మీద నిలబెట్టడంలో ఉంది అన్యాయం. రొట్టె ఇచ్చిపుచ్చుకోవడంలో కూడా బాధ్యత రెండు వైపులా ఉంటుంది: తీసుకున్నవాళ్లు కోరిక తీరాక తిరిగొచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఈ వీసాలో ఆ రెండో వైపే లేదు.

ఇష్టపడే కదా వెళ్లారు, సంతకం పెట్టారు కదా అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. దీనికి జవాబు మన సుప్రీంకోర్టే 1982లో, ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో ఇచ్చింది. ఆకలి తరిమితే కనీస వేతనం కంటే తక్కువకు ఒప్పుకున్న పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరే అంది. ఏజెంటుకు అప్పు చేసి డబ్బు కట్టి ఎక్కిన విమానంలో సమ్మతి ఎంత, ఆకలి ఎంత? రాసిపెట్టి ఉంది, అనుభవిస్తున్నారనే వేదాంతం ఇక్కడ పనికిరాదు. రాసింది విధి కాదు, మంత్రిత్వశాఖలు.

ఆ శాఖల్లో మనదీ ఉంది. 1983 వలసల చట్టం కింద పదో తరగతి పాసవ్వనివాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ క్లియరెన్స్ కావాలి. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటిపనికి అది దొరకదు. రక్షణే ఉద్దేశం, కాదనను. కానీ ఇంట్లో అప్పు వయసు చూసి ఆగదు. రాజమార్గం మూసుకున్న మనిషిని ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కిస్తాడు. దిగాక ఏ రిజిస్టర్‌లోనూ ఆమె పేరుండదు.

యజమానిని మార్చుకునే స్వేచ్ఛ ఇస్తే అంతా కుప్పకూలుతుందన్న భయానికి మన నెల్లూరు తీరమే జవాబు. కృష్ణపట్నం చుట్టుపక్కల పరిశ్రమల్లో, రొయ్యల ప్లాంట్లలో ఒడిశా, బీహార్ల నుంచి వచ్చినవాళ్లున్నారు. వాళ్ల బతుకు సుఖంగా ఉందని చెప్పబోవడం లేదు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కూడా సంకెలే, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అమల్లో ఉన్నన్నాళ్లూ చాలాచోట్ల కాగితం దాటలేదు. అయినా జీతం సరిగా ఇవ్వని ప్లాంటు వదిలి పక్క ప్లాంటుకు పోయిన కుర్రాడి మీద పరారీ కేసు ఉండదు, దేశం నుంచి పంపేయడం ఉండదు. దానివల్ల రొయ్యల ఎగుమతి ఆగిపోలేదు. కువైట్ తన సరిహద్దును తానే కాచుకోవచ్చు, ఎంతమందిని పిలవాలో తానే లెక్క వేసుకోవచ్చు. లోపలికి వచ్చిన మనిషి కఫీల్ సంతకం లేకుండా ఇంకో ఇంట్లో పనికి కుదిరినంత మాత్రాన ఆ అధికారంలో తగ్గేదేమిటో ఇంతవరకు ఎవరూ వివరించలేదు.