తూటా ఎంపికలో నీతి

నీతిని గురించి చర్చించేటప్పుడు మనం సాధారణంగా మనిషి ఉద్దేశాన్ని గురించి మాట్లాడుతాం. అతని చేతిలోని పనిముట్టును గురించి మాట్లాడం. మనసు మంచిదైతే చాలుననీ, తక్కినది పనివాడి లెక్క అనీ, దానితో తత్వవిచారానికి సంబంధం లేదనీ ఒక అభిప్రాయం మనలో పాతుకొనిపోయి వుంది. అది ఎంత బలహీనమైనదో తెలుసుకోవడానికి మనకు బొత్తిగా అలవాటు లేని ఉదాహరణ ఒకటి తీసుకుందాం. అమెరికాలో పన్నెండేళ్ళ కుర్రవాడు మొదటిసారి జింకవేటకు బయలుదేరుతున్నాడు. అతని రైఫిలుకు తండ్రి ఏ తూటా కొనాలి?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు జింకను వేటాడడం నేరం. అక్కడ అది లైసెన్సు తీసుకొని చట్టప్రకారం చేసే పని. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఏటా నవంబరులో తొమ్మిది రోజులు తుపాకి వేట సాగుతుంది. పెద్దవాళ్ళ తోడు వుంటే చాలునని 2017లో ఆ రాష్ట్రం కనీస వయస్సు నియమాన్నే తీసివేసింది. కాబట్టి ఆ కుర్రవాడు కల్పితుడైనా, ప్రశ్న కల్పితం కాదు.

తండ్రికి సహజంగా పెద్ద తూటా మీదికి మనసు పోతుంది. 1906లో అమెరికా సైన్యం కోసం తయారైన 'థర్టీ-ఆట్-సిక్స్' వంటిది ఎంత పెద్ద జింకనైనా పడగొడుతుంది. అయితే గుండు ఎంత బలంగా ముందుకు పోతే తుపాకి అంత బలంగా వెనక్కు తన్నుతుంది. రెండు మూడుసార్లు ఆ దెబ్బ తిన్న పిల్లవాడు నాలుగోసారి మీట నొక్కకముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం ముడుచుకుంటాడు. గుండెకో ఊపిరితిత్తులకో తగలవలసిన గుండు పొట్టలో తగులుతుంది. అటువంటి జింక వెంటనే చావదు. పొదల్లో పడి గంటల తరబడి చస్తుంది.

పోనీ, తన్నని చిన్న తూటా కొందామా అంటే, అది లోతుకు పోకుండా గాయం మాత్రం చేసి వదలవచ్చు. అందుకనే కొలరాడో రాష్ట్రం, జింకవేటకు గుండు వ్యాసం అంగుళంలో దాదాపు నాలుగోవంతుకూ (0.24), బరువు 70 గ్రెయిన్లకూ, అంటే సుమారు నాలుగున్నర గ్రాములకూ తగ్గరాదని నియమం పెట్టింది. 1955లో వచ్చిన 'టూ-ఫార్టీ-త్రీ వించెస్టర్' తూటాలో 100 గ్రెయిన్ల గుండు జింకకు సరిపోతుంది. పెద్ద తూటాతో పోలిస్తే తన్ను సుమారు సగమే. పిల్లల రైఫిళ్ళకు చాలామంది దానిని ఎంచుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ దయ తూటా బలంలో లేదు. ఆ బలానికీ, ఆ పిల్లవాడి భుజానికీ కుదిరే పొత్తులో వుంది.

ఇంతకంటే విచిత్రమైన విషయం గుండు ఆకారంలో వుంది. తగిలిన వెంటనే విచ్చుకొని వెడల్పయ్యే గుండునే జింకకు వాడాలని కొలరాడో వంటి రాష్ట్రాల చట్టం. అదే స్వభావం గల గుండును 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారుచేశారు. 1899లో హేగ్ సమావేశం, అటువంటి గుండ్లను తమలో తాము చేసే యుద్ధాలలో వాడరాదని ప్రకటించింది. బ్రిటన్, అమెరికా ప్రతినిధులు వ్యతిరేకించారు. నాగరిక సైనికుడు గాయపడితే వెనక్కు తగ్గుతాడు గాని, 'అనాగరికుడు' తగ్గడు అన్నది బ్రిటిషు ప్రతినిధి వాదం! 1907లో గాని బ్రిటన్ ఆ ప్రకటనకు ఒప్పుకోలేదు.

యూరపు సైనికుడి విషయంలో క్రూరత్వమైనది, సరిహద్దు తెగలవాడి విషయంలో అవసరమైంది. జింక విషయంలో దయ అయింది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టరాదు. గాయపడిన సైనికుడికి వైద్యశాల వుంది, బతికే ఆశ వుంది. అతని గాయాన్ని పెద్దది చేయడం క్రూరత్వం. జింకకు వైద్యశాల లేదు. దానికి చిన్న గాయమే క్రూరత్వం. ఈ భేదానికి ఆధారం వాస్తవ పరిస్థితి. తెగలవాడి విషయంలో చెప్పిన భేదానికి ఆధారం మాత్రం, చెప్పినవాడి అహంకారం. నీతిలో మినహాయింపు కోరే ప్రతివాడినీ, అది దేని మీద నిలబడిందని మనం అడిగి తీరాలి.

ఇక గుండు దేనితో చేసినదన్న ప్రశ్న. సీసపు గుండు మాంసంలో సన్నటి రేణువులుగా చెదురుతుంది. 2008లో నార్త్ డకోటాలో, వేటగాళ్ళు పేదలకు దానం చేసిన జింకమాంసంలో సీసం కనబడగా, దానిని పారవేయమని ఆరోగ్యశాఖ చెప్పవలసి వచ్చింది. వేటగాళ్ళు వదలిన కళేబరాలు తిని, కాలిఫోర్నియాలో కాండర్ అనే పెద్ద రాబందులు సీసపు విషంతో చచ్చిపోయాయి. 1982 నాటికి ఆ జాతి మొత్తంలో మిగిలినవి 22. ఆ రాష్ట్రం 2019 జూలై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. రాగి గుండు ఖరీదు ఎక్కువే. కాని ఆ మిగులు డబ్బును తండ్రి తన జేబులో వేసుకుంటే, దాని మూల్యం చెల్లించేది అంగడిలో అతని పక్కన లేనివాళ్ళు.

అసలు చంపకుండా వుండడమే కరుణ కదా అని కొందరు అడుగుతారు. గౌరవించదగిన ప్రశ్నే. కాని ఆ మాట అనే మనలో చాలామంది, కొట్టులో కొన్న మాంసం ఏ కత్తికి, ఎంతసేపటికి ప్రాణం విడిచిందో అడగం. మహాభారతంలో జింకరూపంలో వున్న కిందముడు పాండురాజును తప్పుపట్టింది వేటాడినందుకు కాదు. సంగమ సమయంలో కొట్టినందుకు. చంపవచ్చునా అన్న ప్రశ్న ఒకటి, ఎలా చంపావన్న ప్రశ్న మరొకటి అని ఆ కథ గుర్తించింది. మొదటిదానికి అవునన్నవాడికి రెండోది తప్పిపోదు. పైగా అప్పుడే మొదలవుతుంది.

కాబట్టి ఆ తండ్రి పని తూటా కొనడంతో ముగియదు. అడవికి పోకముందు కాగితపు గురి మీద, తాను పేల్చబోయే దూరం నుంచే, కుర్రవాడు వరుసగా అరచేతి మేర చోటులో కొట్టగలుగుతున్నాడా అని చూడాలి. కొట్టలేకపోతే ఇంకా తేలికైన తూటా, ఇంకా దగ్గర దూరం ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతే, ఎంత ఏడ్చినా సరే, ఈ ఏడు వద్దని చెప్పాలి. ఆ పిల్లవాడు కరుణను గురించి నేర్చుకునే మొదటి పాఠం అదే కావచ్చు.